మూడో గది నుంచి మొదటి గదికి

లోపలికి వెళ్ళిన మనిషి కావాలంటే వెనక్కి రావచ్చు, అది లోకంలో ఎక్కడైనా ఉన్నదే. హైమావతి పనిచేసే ల్యాబులో మాత్రం అలా కుదరదు. అక్కడ మూడు గదులు వరసగా ఉంటాయి. మొదటి గదిలో నమూనాలు తెరుస్తారు. రెండో గదిలో ఆ నమూనాలోని క్రిమిని పగలగొట్టి రసాయనాలు కలుపుతారు. మూడో గదిలో ఆ క్రిమి తాలూకు చిన్న తునక ఒకటి నలభై నిమిషాల్లో వేల కోట్ల నకళ్ళుగా పెరిగిపోతుంది. మూడో గదిలో కాలు పెట్టినవాళ్ళు ఆ రోజుకి మళ్ళీ మొదటి గది మొహం చూడకూడదు. గౌను విప్పి, స్నానం చేసి, ఇంటికి పోవలసిందే. కంటికి కనపడని ఆ నకలు ఒక్కటి చేతికో జుట్టుకో అంటుకుని వెనక్కి వచ్చి ఎవరి నమూనా గొట్టంలోనో పడిందంటే, ఏ జబ్బూ లేని మనిషి కాగితం మీద రోగిష్టి అయిపోతాడు.

పూర్వం గదికొకరు చొప్పున ముగ్గురుండేవారు. ఒకాయన రిటైరయ్యాడు, ఒకమ్మాయి బదిలీ చేయించుకుని పోయింది. ఖాళీలు నింపుతామని పైవాళ్ళు అంటూనే ఉన్నారు, అనడానికేం పోయింది. ఇప్పుడు హైమ ఒక్కతే పొద్దున మొదటి గది, పదకొండింటికి రెండో గది, భోజనం కాగానే మూడో గది. భోజనమంటే రెండో గది బయట బల్ల మీద ఒంటరిగా కూర్చుని తినే డబ్బా. పలకరించే మనిషి లేక కొన్ని రోజులు సాయంత్రం దాకా ఆమె నోరు విప్పే అవసరమే రాదు.

ఉన్న మందులన్నీ ఒకదాని తర్వాత ఒకటి పనిచేయడం మానేసిన కాలమది. కడుపులో, చేతుల మీద ఊరికే పడి ఉండే మామూలు క్రిమి ఒకటి ఏ మందుకీ లొంగని రకంగా మారిపోయింది. దాన్ని ఒంట్లో మోసేవాళ్ళకి తలనొప్పి కూడా రాదు. వాళ్ళ చేయి తగిలిన పసిగుడ్డు మాత్రం మూడు రోజుల్లో పోతుంది. అలా మోసేవాళ్ళని పట్టుకోవడానికే హైమ పదేళ్ళు కష్టపడి ‘జాడ’ అనే పరీక్ష కనిపెట్టింది. దూదిపుల్లతో అరచేయి తుడిచి ఇస్తే చాలు. అందులో ఒక్క క్రిమి ఉన్నా నలభై నిమిషాల్లో చెబుతుంది. ఇంకో రెండు రోజులు ఓపిక పడితే ఆ క్రిమి వంశం కూడా చదువుతుంది. క్రిమి ఒక ఒంట్లో కాపురం ఉన్నకొద్దీ దాని జన్యువుల రాతలో అక్షరాలు ఒకటీ అరా మారుతుంటాయి కాబట్టి, ఎవరి నుంచి ఎవరికి ఎన్నాళ్ళ కిందట వచ్చిందో లెక్క తేలిపోతుంది.

యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి రోజూ ఒక తెలిసిన నమూనా కూడా పెట్టాలి. హైమ పెట్టేది ఆమె భర్త గోపీనాథ్ నెత్తురులోంచి తీసిన క్రిమిని. పదకొండేళ్ళ కిందట ఆయన అపెండిక్స్ ఆపరేషనుకని నవ్వుతూ వెళ్ళి, ఆరో రోజున ఏ మందూ పనిచేయక పోయాడు. ఆ క్రిమిని గడ్డకట్టించి దాచింది. రోజూ పొద్దున ఆయన పేరు రాసిన ఆ చిన్న గొట్టం తీసినప్పుడు ఆమెకి ఏడుపు రావడం ఎప్పుడో మానేసింది. అది లేని రోజు మాత్రం, ఆదివారం, ఏం చేయాలో తోచేది కాదు.

ల్యాబు ఉన్నది నాగావళి ఒడ్డున ఓ పట్నంలో, పసిబిడ్డల ఆసుపత్రి వెనకాల. ఆ ఆసుపత్రి మొత్తం మీద హైమతో పనికిమించి ఒక్క మాటైనా మాట్లాడేది పురుటిబిడ్డల వార్డు హెడ్ నర్సు పైడిరత్నం. యాభై మూడేళ్ళ మనిషి. పాతికేళ్ళుగా ఆ ఊళ్ళో పుట్టిన బిడ్డల్లో సగంమందిని మొట్టమొదట ఎత్తుకున్నది ఆవిడే. బజారుకి వెళితే మీసాలొచ్చిన కుర్రాళ్ళు కూడా ఆగి నమస్కారం పెడతారు. ఆవిడ వాళ్ళ పుట్టిన బరువు చెప్పి అందరి ముందూ పరువు తీస్తుంది.

ఆ ఏడు శ్రావణ శుక్రవారం పైడిరత్నం ఇంట్లో వరలక్ష్మీ వ్రతం చేసుకుని మధ్యాహ్నం డ్యూటీకి వచ్చింది. నర్సులందరికీ వాయనాలు పంచి, చివర్న ల్యాబు గుమ్మం దగ్గరికొచ్చి హైమని బయటికి పిలిచింది. చేతిలో పసుపు తోరం ఉంది, తొమ్మిది ముళ్ళది. హైమ రెండడుగులు వెనక్కి వేసింది. భర్త పోయినవాళ్ళకి తోరం కట్టరని ఇద్దరికీ తెలుసు. పైగా పైడిరత్నం అత్తగారు ఆ పొద్దునే, ఆ ల్యాబులో ఆవిడకి మాత్రం కట్టకు, అరిష్టం అని చెప్పి మరీ పంపింది. పైడిరత్నం అదంతా నవ్వుతూనే చెప్పి, హైమ కుడిచేయి పట్టుకుని లాగింది.

“అమ్మవారికి లేని పట్టింపు మనకేటి డాక్టరమ్మా. ఇలా తెండి చెయ్యి” అంది.

కట్టేసి, నోట్లో ఒక బూరె కుక్కి వెళ్ళిపోయింది. హైమకి సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. పెళ్ళయిన కొత్తలో తప్ప అంత సంతోషం ఎరగదు ఆమె.

ఆ తర్వాత ఆరో రోజున వార్డులో ఇద్దరు బిడ్డలకి ఒళ్ళు చల్లబడింది. అదే క్రిమి. వార్డులో పనిచేసే ముప్ఫై ఒక్కమంది చేతులూ తుడిచి ల్యాబుకి పంపారు. ముప్ఫైమందికి ఏమీ లేదు. పైడిరత్నం చేతిలో ఉందని వచ్చింది.

వంశం కూడా చదివితే బాగుండేది. దానికి రెండు రోజులు పడుతుంది, అక్కడ పసివాళ్ళు పోతున్నారు, సూపరింటెండెంటు గంటకోసారి ఫోను చేస్తున్నాడు. హైమ సంతకం పెట్టి పంపేసింది. బిడ్డలిద్దరూ దక్కలేదు. పైడిరత్నాన్ని ఆ సాయంత్రమే వ్యాను ఎక్కించి విడి ఇళ్ళకి తీసుకుపోయారు.

విడి ఇళ్ళంటే మూతపడ్డ జనపనార మిల్లు క్వార్టర్లు. జాడలో దొరికిన వాహకులు అక్కడ ఒక్కొక్క గదిలో ఒక్కొక్కరు ఉండాలి. భోజనం గుమ్మంలో పెట్టి పోతారు. ఇంటివాళ్ళు వస్తే ఇనుప జాలీకి ఇవతల నిలబడి మాట్లాడాలి. మళ్ళీ పరీక్ష చేసి విడిపించే వీలు లేదు, ఎందుకంటే ఆ క్రిమి ఒక రోజు చేతి మీద కనిపించి ఇంకో రోజు కడుపులో దాక్కుంటుంది. ఒకసారి ఉందన్నాక ఉన్నట్టే. ఆ నియమం రాసిన కమిటీలో హైమ కూడా ఉంది.

తొమ్మిదో రోజుకి హైమ చేతి తోరం నలిగి పీచులు లేచింది. ఆమె దాన్ని తీసి దేవుడి గూట్లో పెట్టింది.

రెండు నెలలు వార్డు ప్రశాంతంగా ఉంది. అందరూ పైడిరత్నం గురించి అయ్యో అంటూనే, పోనీలే పిల్లలు బతికారు అనుకున్నారు. కార్తీకంలో మళ్ళీ ఒక బిడ్డకి ఒళ్ళు చల్లబడింది. ఈసారి తొందరగా కనిపెట్టి, వేరే గదికి మార్చి, ఎలాగో బతికించారు. కానీ పైడిరత్నం లేని వార్డులో ఆ క్రిమి ఎక్కడిదని సూపరింటెండెంటు అడిగాడు. హైమ పాత నమూనాలన్నీ బయటికి తీసి వంశం చదవడానికి పెట్టింది.

రెండు రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం, తెర మీద లెక్కలు వచ్చాయి. జబ్బుపడ్డ ముగ్గురు బిడ్డల క్రిమీ ఒకే వంశం. పైడిరత్నం చేతి మీది క్రిమి దానికి చుట్టం కూడా కాదు. ఆవిడ క్రిమితో సరిపోలిందని యంత్రం ఇంకో పేరు చూపించింది. గోపీనాథ్.

హైమకి ముందు అర్థం కాలేదు. పదకొండేళ్ళ కిందటి క్రిమి ఎవరి ఒంట్లోనైనా బతికి ఉంటే ఈపాటికి పాతిక ముప్ఫై అక్షరాలైనా మారి ఉండాలి. ఒక్కటి కూడా మారలేదు. అంటే అది ఎవరి ఒంట్లోనూ లేదు. అది మూడో గదిలో తయారైన నకలు. ఎవరో దాన్ని మొదటి గదికి మోసుకొచ్చారు. ఆ ల్యాబులో ఉన్నది తను ఒక్కతే.

పైడిరత్నం నమూనా పెట్టిన రోజు నోటుబుక్కు తీసింది. నీళ్ళు తప్ప ఏమీ లేని ఖాళీ గొట్టం ఒకటి ప్రతి రోజూ నమూనాలతో పాటు పెడతారు. క్రిమి ఉంటేనే గొట్టం వెలుగుతుంది కాబట్టి అది వెలగకూడదు. ఆ రోజు అది ఆఖరి నిమిషంలో లీలగా వెలిగింది. వెలిగితే ఆ రోజు పనంతా పారబోసి మొదటి నుంచి చేయాలి. హైమ ఆ ఒక్క గొట్టాన్నే మళ్ళీ పెట్టి, వెలగలేదని రాసుకుని, ముందుకు పోయింది. తన చేతిరాతే. చదువుతుంటే ఆమె ఎడమచేయి దానంతటదే కుడి మణికట్టు తడుముకుంది. గౌను మార్చింది, తొడుగులు మార్చింది, రోజూ తలస్నానం చేసింది. తొడుగుకీ గౌను అంచుకీ మధ్య కనపడుతూ ఉండే ఆ నూలు తోరాన్ని మాత్రం తొమ్మిది రోజులూ మూడు గదుల్లోనూ తిప్పింది.

ఆ తర్వాత చేసిన పనిలో మాత్రం ఎవరూ వంక పెట్టలేరు. వార్డంతా జల్లెడ పట్టి, అసలు క్రిమి చేతులు కడుక్కునే తొట్టి కింద గొట్టంలో కాపురం ఉందని నాలుగో రోజున కనిపెట్టింది. తొట్టి పీకించింది. సూపరింటెండెంటు అందరి ముందూ మెచ్చుకున్నాడు. పైడిరత్నం మాట ఎవరూ ఎత్తలేదు. ఆవిడ చేతిలోంచే తొట్టిలోకి పోయి ఉంటుందని వాళ్ళంతట వాళ్ళే అనేసుకున్నారు. హైమ కాదనలేదు.

ఎందుకు కాదనలేదంటే, ఆమెకి కారణాలు బోలెడు. జాడ నలభై ఆసుపత్రుల్లో ఉంది. అది వచ్చాక నెలకి అయిదారుగురు పోయే చోట ఎప్పుడో ఒకరిద్దరు తప్ప పోవడం లేదు. ఇప్పుడీ మాట బయటపడితే అన్నిచోట్లా ఆపేస్తారు, పసివాళ్ళు పోతారు. ఇది అబద్ధం కూడా కాదు, అదే చిక్కు. నిజమైన కారణం చేతిలో ఉంటే మనిషి పిరికితనం ఎంత హాయిగా నిద్రపోతుందో. పైగా తోరం సంగతి చెబితే ఊరంతా ఏమంటుందో ఆమెకి తెలుసు. విధవరాలికి కట్టింది, అనుభవించింది అంటారు. ఒక్కరు కూడా ల్యాబు నియమం గురించి అనరు.

తెర మీద లెక్కలు చూసిన పన్నెండో రోజున వార్డు ఆయా ల్యాబు గుమ్మంలోకి వచ్చి లడ్డూ పెట్టింది. పైడిరత్నం కోడలు మూడు రోజుల కిందట మన వార్డులోనే ప్రసవించిందనీ, ఆడపిల్ల అనీ, నాయనమ్మకి వీడియో కాల్లో చూపించారనీ చెప్పింది. పిల్ల మాత్రం అచ్చం ఆవిడ పోలికే అంది. హైమ లడ్డూని అలాగే డబ్బాలో పెట్టేసింది. ఆ మర్నాడు పొద్దున సెలవు పెట్టి మిల్లు క్వార్టర్లకి వెళ్ళింది.

పైడిరత్నం సగానికి సగం అయిపోయింది. జాలీ అవతల కుర్చీ వేసుకుని, రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. సబ్బుతో రుద్ది రుద్ది ఆ చేతుల మీద తోలు లేచిపోయింది. హైమని చూసి మొహం విప్పారింది. మూడు వారాలైందట ఎవరైనా వచ్చి. వాళ్ళాయనకి మోకాళ్ళ నొప్పులు, కొడుక్కి పని, కోడలికి పురుడు, వాళ్ళని అనుకోకూడదని వాళ్ళ తరఫున తనే చెప్పుకుంది. వార్డులో కొత్త నర్సులు బిడ్డల మెడ సరిగ్గా పడుతున్నారా అని అడిగింది.

“ఆ ఇద్దరు పసివాళ్ళూ రోజూ కళ్ళల్లో మెదుల్తారమ్మా. నా చేతుల్తోనే కదా చంపేసేను. మీరు పట్టుకోకపోతే ఇంకెంతమందిని పొట్టన పెట్టుకునేదాన్నో. పొద్దున్న లేవగానే మీ పేరు చెప్పుకుని దణ్ణం పెట్టుకుంటాను” అంది.

హైమ ఇంటి దగ్గర అద్దం ముందు సిద్ధం చేసుకొచ్చిన మాటలన్నీ ఎగిరిపోయాయి. జాలీ పట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పేసింది. నకలు సంగతీ, ఖాళీ గొట్టం సంగతీ, తొట్టి సంగతీ చెప్పింది. తోరం సంగతీ దాచలేదు. కట్టడం తప్పు కాదనీ, విప్పకుండా మొదటి గదిలోకి వెళ్ళడం తన తప్పనీ, రెండుసార్లు చెప్పింది.

పైడిరత్నం చేతులు ఎత్తి మొహం దగ్గర పెట్టుకుని ముందూ వెనకా తిప్పి చూసుకుంది.

“అయితే నేను చంపలేదేటి?”

“లేదు సిస్టర్.”

“ఒక్క బిడ్డని కూడా?”

“ఒక్క బిడ్డని కూడా లేదు.”

అప్పుడు ఏడ్చింది ఆవిడ. కొంగు అడ్డం పెట్టుకోకుండా, చిన్నపిల్లలా పెద్దగా ఏడ్చింది. పక్క గదుల్లోంచి వాహకులు కిటికీల దగ్గరికి వచ్చి చూశారు. హైమ కూడా ఏడ్చింది. లోపలికి వెళ్ళి ఆ చేతులు పట్టుకోవాలనిపించింది గానీ జాలీకి తాళం ఉంది. ఏడుపు తగ్గాక పైడిరత్నం కళ్ళు తుడుచుకుని, మామూలు గొంతుతో అడిగింది.

“మీకెప్పుడు తెలిసింది?”

ఇక్కడ ఒక్క చిన్న అబద్ధం ఆడితే సరిపోయేది. నిన్న అంటే నమ్మేది ఆవిడ.

“పదమూడు రోజులైంది” అంది హైమ.

పైడిరత్నం వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. “నాలుగు రోజుల కిందట పుట్టింది నా మనవరాలు” అంది. “పదకొండు వేలమంది పిల్లల్ని ఎత్తేనమ్మా. ఆ ఒక్కదాన్ని ఇంకెవరో ఎత్తుకున్నారు.”

అంతే. తిట్టలేదు. కుర్చీ తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు మళ్ళీ తెరుచుకోకపోతే హైమ బస్సెక్కి తిన్నగా సూపరింటెండెంటు గదికి వెళ్ళింది.

అయిదో రోజున విచారణ పెట్టారు. హైమ తన నోటుబుక్కులన్నీ బల్ల మీద పెట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో తను సంతకం పెట్టిన నూటపన్నెండు ఫలితాలూ చెల్లవని రాసిచ్చింది. వాటిలో ‘ఉంది’ అని వచ్చినవి రెండు. ఒకటి పైడిరత్నం, ఇంకొకటి ఓ బడిలో అన్నం వండే ఆవిడ. ఆవిడ మొహం కూడా హైమ ఎప్పుడూ చూడలేదు. విచారణకి వచ్చిన పెద్దాయన కాగితాలన్నీ చదివి, కళ్ళజోడు తీసి, ఒక్క ప్రశ్న వేశాడు. పదహారేళ్ళ అనుభవం ఉంది, ఈ నియమాలన్నీ రాసింది మీరే, ఒక నూలుపోగు విప్పేయడానికి ఏం అడ్డమొచ్చిందని.

“పదకొండేళ్ళ తర్వాత ఒక మనిషి నా చెయ్యి పట్టుకుని కట్టింది సార్. తియ్యబుద్ధి కాలేదు” అంది హైమ.

ఆయన ఆ మాట రాయించలేదు. అజాగ్రత్త అని రాయించాడు.

నలభై ఆసుపత్రుల్లో జాడని మూడు వారాలు ఆపారు. తర్వాత ల్యాబుల్లో పనిచేసేవాళ్ళ ఒంటి మీద దారం గానీ గాజు గానీ ఉండకూడదని కొత్త నియమం చేర్చి మళ్ళీ మొదలుపెట్టారు. ఆ మూడు వారాల్లో ఎక్కడైనా ఏ బిడ్డయినా పోయిందేమో హైమకి తెలియలేదు. అడిగినా చెప్పేవాళ్ళు లేరు. ఉద్యోగం పోయింది, ల్యాబు తాళంచెవులు తీసుకున్నారు. గోపీనాథ్ పేరున్న గొట్టం లోపలే ఉండిపోయింది.

పైడిరత్నాన్ని విడుదల చేసిన రోజు పొద్దున హైమ మిల్లు దగ్గరికి వెళ్ళింది. ఎవరూ రమ్మనలేదు. రోడ్డుకి అవతల, మూసేసిన టీకొట్టు ముందు నిలబడింది. ఆటోలో కొడుకూ కోడలూ వచ్చారు. కోడలి పేరు సువర్ణ, పచ్చి బాలింత, ఒళ్ళో ఇరవై రోజుల పిల్ల. పైడిరత్నం గేటు దాటి బయటికొచ్చి, ఆసుపత్రి ముద్ర ఉన్న కాగితం కొడుకు చేతికిచ్చి, సువర్ణ ముందు రెండు చేతులూ చాచింది.

సువర్ణ పిల్లని భుజం మీదికి మార్చుకుంది. నిద్రపోతోంది అత్తయ్యా, ఇంటికెళ్ళాక ఎత్తుకుందురు గాని అంది. పైడిరత్నం అలాగేనమ్మా అని చేతులు కొంగు కింద పెట్టుకుంది. కొడుకు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. పిల్ల నిద్రపోవడం లేదు. రెండు కళ్ళూ తెరిచే ఉంది. రోడ్డు అవతల నుంచి హైమకి కూడా కనిపిస్తోంది.

పైడిరత్నం తలెత్తి హైమని చూసింది. రోడ్డు దాటి వచ్చింది. క్షమించమని హైమ నోరు తెరవబోతే చేయి అడ్డం పెట్టి ఆపింది.

“నా మాట నమ్మదు, కాగితం మాటా నమ్మదు. మీరెళ్ళి చెప్పండి డాక్టరమ్మా. ఎత్తుకోవచ్చని చెప్పండి” అంది.

హైమ రోడ్డు దాటి ఆటో దగ్గరికి వెళ్ళింది. సువర్ణకి అంతా చెప్పింది. మీ అత్తగారి చేతుల్లో ఆ క్రిమి ఎప్పుడూ లేదమ్మా, జరిగిన పొరపాటు నాది, పిల్లని నిశ్చింతగా ఇవ్వచ్చు, నాదే పూచీ అని బతిమాలుకుంది. సువర్ణ మర్యాదగానే విన్నది. మొహంలో కోపమేమీ లేదు, భయం ఉంది. పిల్లని ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది.

“అప్పుడూ మీరే కదండీ చెప్పేరు?” అంది.

పైడిరత్నం వచ్చి, ఎవరికీ తగలకుండా, డ్రైవరు పక్కన సీటు చివర కూర్చుంది.